తవుడు వాసన

ఆకివీడులో పాత బండ్లు అమ్మిపెట్టే నాగేశ్వరరావు తెల్ల పికప్ బానెట్ ఎత్తి, పెళ్ళిచూపుల్లో పిల్ల మేనమామలా పక్కకి తప్పుకున్నాడు.

"మీరే చూసుకోండి గోపీచంద్ గారూ. ఇంజను ఇంతవరకూ విప్పలేదు. విప్పే పని రాలేదు."

ఇంజను తిరుగుతుండగానే గోపీచంద్ ఆయిల్ మూత తీసి, అక్కడ అరచెయ్యి పెట్టి చూశాడు. పొగ కొట్టలేదు. హ్యాండ్ బ్రేకు లాగి, మూడో గేరు వేసి, క్లచ్ మీద కాలు వదిలాడు. ఇంజను ఒక్క ఊపు ఊగి ఆగిపోయింది. ఆగిందంటే క్లచ్ పట్టు ఉన్నట్టు. ఆగకుండా గుర్రుమంటే అరిగినట్టు. బరువు లాగే బండికి ముందు చూడాల్సింది అదే.

అతని భార్య చంద్రకళ బండి వెనక్కి వెళ్ళింది. అక్కడ హుక్కు ఉంది. ఇంతవరకూ చూసిన బండ్లలో హుక్కు ఉన్నది ఇదొక్కటే. టైర్లు నాలుగూ కొత్తవి.

"ఏం తోలారండీ దీంట్లో?" అని అడిగింది.

"మేత బస్తాలమ్మా. అప్పుడప్పుడు జనరేటరు లాగేవారు. అందుకే హుక్కు."

"చేపలు తోలలేదు కదా?"

"చేపల బండి మీకు చూపిస్తానా? అనుమానమైతే వాసన చూసుకోండి. ఆయ్, తప్పేం లేదు."

ఆ ప్రాంతంలో పాత బండి కొనేవాళ్ళు ముందు చేసే పని అదే. చేపల బండిలో ఐసు కరిగి, ఆ నీళ్ళు రోజూ ఛాసీ మీదకి కారతాయి. కొన్నేళ్ళకి ఇనుము అప్పడమవుతుంది. పైన రంగు వేస్తే కంటికి తెలియదు. వాసనకి రంగు వెయ్యలేరు.

చంద్రకళ తొట్టిలోకి వంగి గట్టిగా ఊపిరి పీల్చింది. గోపీచంద్ కూడా వంగాడు. పలకల సందుల్లో ముక్కు పెట్టి చూశాడు. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఏ వాసనా లేదు.

బయానా ఇచ్చారు. బండి తీసుకెళ్ళి బరువు లాగించి చూస్తామని, నచ్చకపోతే తిరిగి తెస్తామని మాట. నాగేశ్వరరావు తాళం ఇస్తూ, "తిరిగి రాదులెండి" అన్నాడు.

లాగాల్సింది బియ్యం మర. తాడేపల్లిగూడెం దగ్గర చంద్రకళ పుట్టింటి షెడ్డులో ట్రాలీ మీద ఉంది. ఆమె తండ్రి పట్టాభిరామయ్యకి ఒకప్పుడు ఊళ్ళోనే మర ఉండేది. పెద్ద మిల్లులు వచ్చాక ఊరి మరకి ధాన్యం రావడం తగ్గింది. మర దగ్గరికి జనం రాకపోతే జనం దగ్గరికే మర వెళ్ళాలని ఆయన ధాన్యం ఆడించే హల్లర్‌నీ డీజిల్ ఇంజన్నీ ట్రాలీకి ఎక్కించాడు. ఊరూరా తిప్పాడు. ఇంటి తిండికి పాలిష్ లేని బియ్యం కావాలనేవాళ్ళు బస్తాలు తెచ్చుకునేవారు. పని బాగానే ఉండేది గాని, లాగే ట్రాక్టరు అద్దెకే తవుడూ నూకా అన్నీ పోయేవి. ఆఖరికి ఆపేశాడు.

ఇప్పుడా షెడ్డు ఉల్లిపాయల వ్యాపారికి గోడౌనుగా ఇస్తున్నాడు. నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి.

"బండి నీదైతే మర నీది," అని కూతురికి ఫోనులో చెప్పాడు. "మళ్ళీ అద్దె ట్రాక్టరంటే మాత్రం నేను ఒప్పుకోను. పాత ఇనపసామాను వాడు వచ్చి కొలుచుకుని కూడా వెళ్ళాడు."

చంద్రకళ కాపురం కలిదిండి పక్కన. ఆమె పెళ్ళయి వచ్చేటప్పటికి గోపీచంద్ వాళ్ళది వరిచేను. చుట్టుపక్కల వాళ్ళు చెరువులు తవ్వారు. ఆ నీరు చేలోకి ఊరి వరి కుళ్ళింది. గోపీచంద్ కూడా తవ్వించాడు. కొన్నేళ్ళు బాగుంది, కొన్నేళ్ళు పోయింది. పోయినేడు చేప చచ్చి తేలాక చెరువు లీజుకి ఇచ్చేశాడు. ఆ లీజు సొమ్మే ఇప్పుడు బండికి. మూడు లక్షలు దాటకూడదు. దాటితే తేవడానికి ఇంకో చోటు లేదు.

అంత సొమ్ము పాత మర కోసం ఎందుకని గోపీచంద్ అడిగినప్పుడు ఆమె లెక్క చెప్పింది. బస్తాకింత, రోజుకిన్ని బస్తాలు, తవుడు మరవాళ్ళదే. లెక్క నిజమే. ఆమె చెప్పనిది వేరే ఉంది.

చిన్నప్పుడు బడి వదలగానే ఆమె మరకి వెళ్ళేది. హల్లర్ కింద తవుడు కారే చోట నిలబడి దోసిలి పట్టేది. తవుడు వేడిగా ఉండేది. దాంట్లో మొహం పెట్టేది. ఇంటికెళితే తల్లి జుట్టు వాసన చూసి, "మళ్ళీ మరలో దూరావా?" అని అరిచేది. ఆ వాసన దేనిలా ఉంటుందో చెప్పమంటే చంద్రకళకి చేతకాదు. చాలాసార్లు ప్రయత్నించింది. వేయించిన నువ్వులా? కాదు. గేదె దూడ నుదురా? అదీ కాదు. కలిదిండిలో చెరువుకి వేసేది కూడా తవుడే. కానీ అది నూనె తీసేసిన తవుడు. నూనెతోపాటే వాసనా పోయిందని ఆమె సర్దిచెప్పుకుంది. సొంత మర ఉంటే వేడి తవుడు రోజూ చేతిలో పడుతుంది. ఇది లెక్కలోకి వచ్చే సంగతి కాదు కాబట్టి భర్తకి చెప్పలేదు.

గణపవరం మీదుగా గూడెం వెళ్ళారు. తెల్ల బండి దారంతా బాగా నడిచింది. గోపీచంద్ ఈల కూడా వేశాడు.

పట్టాభిరామయ్య అరుగు మీద నుంచి లేచి వచ్చాడు. అల్లుడి చెయ్యి పట్టుకున్నాడు. బండి వైపు తిరిగాడు. తిరిగి, భుజం మీద తువ్వాలు తీసి ముక్కుకి పెట్టుకున్నాడు.

"అమ్మాయ్, ఇది చేపల బండే."

"కాదు నాన్నా. మేత బస్తాలు తోలారట."

"ఎవరన్నారు?"

"బ్రోకరు. మేమూ వాసన చూశాం."

"ఇద్దరూ?"

"ఇద్దరం."

"జలుబా?"

గోపీచంద్ నవ్వబోయి మానేశాడు. ఎందుకంటే పట్టాభిరామయ్య ఇంటి పిల్లి వచ్చి బండి కింద చేరింది. వెనక్కాళ్ళ మీద లేచి తొట్టి అడుగు పలకని నాకుతోంది.

"మా పిల్లికి మేత బస్తాలంటే మా చెడ్డ ఇష్టం బాబూ," అన్నాడు మామగారు.

గోపీచంద్ స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని బండి కింద పడుకున్నాడు. హుక్కు బిగించిన అడ్డపట్టీ మీద పొడిచాడు. నల్లరంగు చెక్కులుగా రాలింది. రెండోసారి పొడిస్తే స్క్రూడ్రైవర్ అవతలికి దిగింది. తీస్తే తుప్పు మొహం మీద పడింది. కళ్ళు మూసుకుని అలాగే కాసేపు పడుకున్నాడు.

"మరని కట్టి కాలవగట్టు ఎక్కించి ఉంటే," అన్నాడు కింద నుంచి, "హుక్కు ఊడొచ్చేది. మర కాలవలో ఉండేది."

లేచి బట్టలు దులుపుకుంటూ, "పుట్టినప్పటినించీ చేపల మధ్య ఉన్నానండీ మావయ్యగారూ. చేపల బండి పట్టుకోలేకపోయాను," అన్నాడు.

"అందుకే పట్టుకోలేదు," అన్నాడు పట్టాభిరామయ్య. "మీ వంట్లో ఉన్నది మీకెలా తెలుస్తుంది? పండక్కి మీరొచ్చి వెళ్ళాక మేం దుప్పట్లు నానబెడతాం." అనేశాక నాలిక్కరుచుకున్నాడు. "కాఫీ తాగండి బాబూ, ముందు కాఫీ తాగండి."

చంద్రకళ కాఫీకి వెళ్ళలేదు. షెడ్డు తలుపు తీసింది. మర మీద పట్టా కప్పి ఉంది. పట్టా ఎత్తి హల్లర్ కింద చెయ్యి పెట్టింది. మూలల్లో పాత తవుడు గట్టిపడి ఉంది. గోటితో గీకి, అరచేతిలో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

ఏమీ లేదు.

మళ్ళీ నలిపింది. మళ్ళీ చూసింది.

పెళ్ళయిన కొత్తలో కలిదిండిలో ఆమెకి అన్నం దిగేది కాదు. నీళ్ళలో, మంచం నవారులో, దేవుడి గూట్లో ఉన్నది ఒకటే వాసన. చీరలు కుంకుడుకాయ పులుసులో నానబెట్టేది. అత్తగారు రత్నాంబ చూసి నవ్వింది. "ఏడాది తిరిగేసరికి ఈ వాసన పోతుందమ్మాయ్. నాకూ ఇలాగే అయింది," అంది. ఆవిడ అన్నట్టే పోయింది. చంద్రకళ సంతోషించింది. వాసన ఎటు పోయిందని ఆనాడు అనుకోలేదు. ఈనాడు షెడ్డులో నిలబడి అనుకుంది. వాసన ఎక్కడికీ పోలేదు.

పాత తవుడు కదా, వాసన ఉండదేమో. తండ్రిని పిలిచి అడగొచ్చు. ఉందంటాడేమోనని అడగలేదు. పట్టా మళ్ళీ కప్పింది.

మర్నాడు బండి ఆకివీడు తీసుకెళ్ళారు. నాగేశ్వరరావు చేతులు జోడించాడు.

"నా పిల్లల మీద ఒట్టండీ. నాకూ రాలేదు వాసన. మేతే తోలానని ఓనరన్నాడు, నేనూ ముక్కు పెట్టి చూశాను."

"మీ ఇల్లెక్కడండీ?" అంది చంద్రకళ.

"ఇక్కడేనమ్మా, చేపల ప్యాకింగు షెడ్ల వెనక."

ఆమెకి కోపం రాలేదు. అతను అబద్ధం చెప్పడం లేదని తెలుస్తూనే ఉంది. డీజిలు ఖర్చంటూ కొంత పట్టుకుని బయానా తిరిగిచ్చాడు. గేటు దాకా వచ్చి, "ఊరంతా ఇంతేనండీ. మాకు మేమే పనికిరాం," అన్నాడు.

"ఇక బండి చూస్తే ఏలూరులో చూడాలి," అన్నాడు గోపీచంద్ బస్సులో. "ముక్కుని కూడా అక్కడే చూసుకోవాలి."

ముక్కు అంటే వాళ్ళ అమ్మాయి హర్షిణి. ఏలూరులో హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతోంది. ఆదివారం బస్టాండుకి వచ్చి విషయం విని నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఫీజులు కట్టింది ఇందుకా నాన్నా? దీనికి కుక్కని పెంచుకుంటే సరిపోయేది."

"కుక్క మొరుగుతుందే గాని, ఏం తోలిన బండో చెప్పదే."

ఆ పూట హర్షిణి మూడు బండ్లలో తల దూర్చింది. ఒకటి సిమెంటు. ఒకటి పురుగుమందు. మూడోదానికి దూరం నుంచే చెయ్యి ఊపింది. "వంజరం," అంది. "కాదు, రొయ్య. అమ్మా, నీకు నిజంగా రావడం లేదా?"

"లేదు."

"నువ్వు హాస్టల్‌కి వచ్చినప్పుడల్లా ఇందుజ కిటికీ తీస్తుంది, చూశావా?"

ఇందుజ హర్షిణి గదిలో ఉండే పిల్ల. "ఉక్కపోత అంటుందిగా," అంది చంద్రకళ.

"డిసెంబర్లో ఉక్కపోతేంటమ్మా?"

హర్షిణి తల్లి చెయ్యి పట్టుకుంది.

"నాకూ వచ్చేది కాదు. హాస్టల్లో చేరిన రెండు నెలలకి ఇంటికొచ్చాను చూడు, గుమ్మంలోనే తెలిసింది."

"చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? మన ఇల్లు నీచు కంపు కొడుతోందనా?"

తల్లి ఆ మాటని పట్టుకుని చాలా దూరం నడిచింది. నీచు కంపు కాదు ఆమెకి పట్టింది. 'రెండు నెలలకి తెలిసింది' అన్న మాట.

నాలుగో బండి షామియానా సామాను అద్దెకిచ్చే శ్యామ్ సుందర్‌ది. నీలం రంగు, సగం ఊడింది. ఎడం తలుపు తాడుతో కట్టి ఉంది. టైర్లు అరిగి నున్నగా ఉన్నాయి. హుక్కు లేదు. గోపీచంద్ చూడగానే వెనక్కి తిరిగాడు.

"ఆగండి నాన్నా," అని హర్షిణి తొట్టిలోకి ఎక్కింది. కూచుని వాసన చూసింది. "సాంబారు. గోనెపట్టా. కొంచెం పసుపు."

"పెళ్ళి సామానేగా అమ్మా అది," అన్నాడు శ్యామ్ సుందర్. "కుర్చీలు, గుడ్డలు, గుండిగలు. తడి సామాను ఎప్పుడూ ఎక్కించలేదు. గుడ్డ తడిస్తే మాకే నష్టం."

గోపీచంద్ సంచిలోంచి స్క్రూడ్రైవర్, సుత్తి తీశాడు. ఈసారి ముందు బండి కింద పడుకున్నాడు, తర్వాతే ఇంజను. ఛాసీ పొడవునా కొట్టుకుంటూ వెళ్ళాడు. బడి గంట కొట్టినట్టు మోగింది. అడ్డపట్టీ మీద పొడిస్తే స్క్రూడ్రైవర్ జారింది. కమాను పట్టీల్లో ఒకటి విరిగింది గాని, అది వేయించుకోవచ్చు. హ్యాండ్ బ్రేకు, మూడో గేరు. ఇంజను ఆగింది.

"హుక్కు మేం వేయించుకోవాలి. టైర్లు కూడా," అన్నాడు. "అవి తీసెయ్యండి రేట్లోంచి."

"తీస్తే నాకేం మిగలదండీ."

"అన్ని పెళ్ళిళ్ళు చేసిన బండి, ఏం మిగలదంటే ఎలా?"

శ్యామ్ సుందర్ నవ్వాడు. ఇప్పుడందరూ ఫంక్షన్ హాళ్ళకి పోతున్నారని, అక్కడ కుర్చీలు వాళ్ళవే ఉంటున్నాయని చెప్పాడు. మాట్లాడుతూనే ఎడం తలుపు తాడు విప్పి మళ్ళీ కట్టాడు. "మీరేం తోలతారు?"

"బియ్యం మర," అంది చంద్రకళ.

"వాన పడితే పట్టా కప్పుకోవాలి కదూ దాన్ని?"

"అవునండీ."

"అయితే పట్టాలు కూడా తీసుకోండి. షాపులో ఊరికే పడున్నాయి." రేటు దగ్గర కూడా దిగాడు. ఎంత దిగాలో అంత దిగలేదు. మిగిలిన సొమ్ము హుక్కు వేయించి, ముందు టైర్లు రెండూ కొత్తవి వేసుకుని, వెనక పాతవాటికి రబ్బరు తొడుగు వేయించడానికి సరిపోయింది.

నెలాఖరు ఇంకా రాకముందే నీలం బండి గూడెం వెళ్ళింది. పట్టాభిరామయ్య తువ్వాలు చేత్తో పట్టుకునే ఎదురొచ్చాడు. ముక్కుకి పెట్టుకోలేదు. పిల్లి వచ్చింది, చూసింది, వెళ్ళిపోయింది.

"పాసయ్యారు," అన్నాడు.

ట్రాలీ తగిలించారు. షెడ్డు నుంచి రోడ్డుకి కాలవగట్టు ఎక్కాలి. గోపీచంద్ మొదటి గేరులో మెల్లగా క్లచ్ వదిలాడు. బండి కుంగింది. వెనక చక్రాలు మట్టిలో ఒకసారి తిరిగి పట్టుకున్నాయి. చంద్రకళ పక్కనే నడిచింది. ఆమె హుక్కు వైపే చూస్తోంది. హుక్కు కదల్లేదు. మర గట్టెక్కింది. పట్టాభిరామయ్య వెనక నుంచి, "ఇనపసామాను వాడికి ఫోను చేసి రావద్దంటాను," అన్నాడు.

మొదటి ఊరు భీమడోలు దగ్గర. రామకోవెల పక్కన మర నిలబెట్టారు. బేరం కోసం అరవాల్సిన పని లేకపోయింది. ఇంజను చప్పుడు వినగానే ఆడవాళ్ళు వచ్చారు. "పట్టాభిరామయ్యగారి మర కదూ ఇది?" అని ఒకావిడ అడిగింది. "ఆయన కూతుర్నండీ," అంది చంద్రకళ. "మా పుట్టిల్లు మీ ఊరే. మరలో దోసిలి పట్టుకుని నించునేదానివి, నువ్వేనా?" అంది ఆవిడ.

బెల్టు తిరిగింది. ధాన్యం పోశారు. తవుడు కారింది. చంద్రకళ దోసిలి పట్టింది. వేడిగా ఉంది. చిన్నప్పుడు ఎంత వేడో అంతే. మొహం దాంట్లో పెట్టింది.

మొహం ఎత్తేసరికి గోపీచంద్ చూస్తున్నాడు. లెక్కలో లేనిదేదో ఉందని అతనికి ఆ క్షణాన తెలిసింది.

"దీనికోసమా?" అన్నాడు.

ఆమె తల ఊపింది.

"వచ్చిందా?"

లేదన్నట్టు చేతులు దులుపుకుంది. "బస్తా మూతి పట్టుకోండి, కింద పోతోంది," అంది.

తర్వాత ఆమె మళ్ళీ వాసన చూడలేదు. లేదని రోజూ తెలుసుకోవడం ఎందుకు? పని చాలా ఉంది. ఒక ఊరి నుంచి ఇంకో ఊరు పిలిచారు. రాత్రికి పుట్టింట్లోనో, ఊళ్ళో ఎవరి అరుగు మీదో పడుకునేవారు. రెండు నెలలైనా కలిదిండి వెళ్ళడానికి తీరలేదు. చెరువు మీద పని లేదు కాబట్టి తొందరా లేదు. నీలం బండి ఒక్కసారే ఆగింది, అదీ డీజిలు పోసుకోవడం మర్చిపోయినందుకు.

మాఘంలో ఒక సాయంత్రం ఇంటికి బయల్దేరారు. మర వెనక ఉంది. తొట్టిలో ఆ పొద్దున ఆడించిన తవుడు బస్తాలు ఉన్నాయి. బండి గణపవరం దాటింది. రోడ్డుకి రెండు పక్కలా చెరువులు మొదలయ్యాయి. చంద్రకళ కొంగు ముక్కుకి పెట్టుకుంది.

"ముందేదైనా చేపల లారీ వెళుతోందా?" అంది.

"లేదే."

ఆకివీడు దాటారు. ఉప్పుటేరు వంతెన ఎక్కారు. ఆమె కొంగు తియ్యలేదు. వంతెన మీద గాలి వీస్తోంది. గాలి ఎటు నుంచి వచ్చినా అదే ఉంది. నీళ్ళలో, మంచం నవారులో, దేవుడి గూట్లో ఉన్నదే.

"ఏవండీ, బండి ఆపండి."

"వంతెన దిగాక ఆపుతాను. ఏమైంది? వాంతొస్తోందా?"

"మీకేం రావడం లేదా?"

గోపీచంద్ గట్టిగా పీల్చాడు. అటు తిరిగి పీల్చాడు. "నాకేం లేదే," అన్నాడు. అని, ఆమె వైపు చూశాడు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. కొంగు వెనక నవ్వుతోంది. అతనికి అర్థమైంది. వంతెన దిగగానే బండి పక్కకి తీసి ఆపాడు.

చంద్రకళ తలుపు తాడు విప్పుకుని దిగింది. చక్రం మీద కాలు పెట్టి తొట్టిలోకి ఎక్కింది. బస్తా మూతికి కట్టిన పురికొస పళ్ళతో లాగి విప్పింది.

గోపీచంద్ అద్దంలో చూస్తున్నాడు. ఆమె తల కనపడటం లేదు. వంగిన వీపు కనిపిస్తోంది.

"వచ్చిందా?" అని అరిచాడు.

ఆమె బస్తాలోకి ఇంకా వంగింది. తల ఎత్తలేదు. వెనక లారీ హారన్ కొట్టింది. గోపీచంద్ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, పక్క నుంచి పొమ్మన్నాడు.